ఆగిన పోగు

నరసాపురం నుంచి వచ్చిన పడవకు రాజమండ్రి రేవులో ఇంకా తాడు కట్టకముందే సరంగు నన్ను గుర్తుపట్టి కేకేశాడు.

“బాబుగారూ! గుడ్డ తడిమే తాత పోయాడండీ. ఇవాళ్టికి అయిదో రోజు.”

నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి పంచె పిండుకుంటున్నాను. పిండుతున్న పంచె అలాగే చేతిలో ఉండిపోయింది. ఎనభై దగ్గరపడ్డ మనిషి పోతే అంత అదిరిపడవలసింది ఏముందండీ అని సరంగు అడిగాడు. ఇంటికి వెళ్లాక మా ఆవిడా అదే అడిగింది.  ఆ తాత ముందు నేనొక అబద్ధం ఆడాను. చాలా ఏళ్లయింది. ఎప్పుడో ఒకప్పుడు నరసాపురం వెళ్లి, ఫలానా తప్పు నాదేనని చెప్పి వద్దామనుకుంటూ, మోకాళ్ల నొప్పులనీ పడవ ప్రయాణమనీ సాకులు వెతుక్కుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట వినవలసిన మనిషే లేడు.

ఆయన పేరు రాయను. ఆయన మనుషులు ఇంకా ఆ వీధిలోనే ఉన్నారు. కాగితం మీద తమ పేరు పడటం వాళ్లకు మొదటి నుంచీ గిట్టదు. నరసాపురం తాలూకాలో ఒక నేతవీధి, అందులో ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో ఒక గుంట మగ్గం, ఆ మగ్గం మీద ఆయన. ఈ ఆనవాలు చాలు. ఇంకో మాట కూడా చెప్పాలి. తాలూకా కచేరీలో గుమస్తాగా ఉన్నన్నాళ్లూ నేను ఆయన్ని “ఏమయ్యా, నువ్వు” అనే పిలిచాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని “ఆయన” అని రాస్తుంటే, ఈ ఆలస్యపు మర్యాద ఎవరికి కావాలని నా మీద నాకే చిరాకేస్తోంది.

అందరూ ఎదురైన మనిషి మొహం చూస్తారు. ఆయన గుడ్డ చూసేవాడు. చూసి ఊరుకునేవాడా? మీరు ఉత్తరీయం వేసుకుని ఎదురుపడితే, కుశలం అడగడానికి ముందే దాని కొంగు ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండేది. ఒకసారి నలిపి, ఒకసారి సాగదీసి, అప్పుడు “బాగున్నారాండి?” అనేవాడు. కొత్తవాళ్లు కోప్పడేవాళ్లు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆయన కనబడగానే నవ్వుతూ కొంగు చేతికిచ్చేవాళ్లు. ఆడవాళ్ల గుడ్డ మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు. కానీ సంతలో ఒకావిడ చీరకేసి ఆయన రెప్పవేయకుండా చూస్తుంటే ఆవిడ మొగుడు తగువుకు వచ్చిన రోజు నాకు గుర్తుంది. “ఆ అంచు మా వీధిదండి, అందుకని చూశాను. మీ ఆవిడ మొహం నేను చూళ్లేదండి బాబూ” అన్నాడు ఈయన. అది నిజమే. ఆ మొగుడు మాత్రం ఆ మాటకు ఇంకాస్త మండిపడ్డాడు.

గుడ్డ తడిమి ఆయన చెప్పే సంగతులు వినాలి. “ఇక్కడ వాన పడిందండి, నూలు బిగిసింది” అనేవాడు. “ఇక్కడ నేసేవాడికి ఆకలేసిందండి, పోగు మీద అచ్చు దెబ్బ తేలిపోయింది” అనేవాడు. ఒకసారి నా పంచె అంచు నలిపి, “ఇక్కడ వీడు పెళ్లాంతో గొడవపడ్డాడు. అచ్చు ఎంత గట్టిగా కొట్టాడో చూడండి” అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆ పంచె నేసినవాడు అదే వీధిలో ఉన్నాడు. కావాలని వెళ్లి అడిగాను. అతను తెల్లబోయి, ఆ సంగతి మీకెవరు చెప్పారండీ అన్నాడు.

తనిఖీకి వచ్చిన ఒక దొర కోటు చెయ్యి కూడా అలాగే పట్టుకున్నాడు మహానుభావుడు. కచేరీ అంతా కొయ్యబారిపోయింది. శిరస్తదారుగారి తలపాగా వణకడం నా కళ్లతో నేను చూశాను. దొర మంచివాడు కాబట్టి చెయ్యి లాక్కోలేదు. ఏమంటున్నాడని నన్నడిగాడు. ఈయన అన్నది ఏమిటంటే, “ఇది నేసినవాడికి ఆ పూట ఒంట్లో బాగాలేదండి, పాపం.” నేను దొరతో, “తమ కోటు చాలా బాగుందంటున్నాడు” అన్నాను. దొర సంతోషించాడు. ఈయన చెప్పింది ఈయన చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పడం నాకు ఆ రోజుల్లో ఎన్నడూ చేతకాలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

“నేశాను” అన్న మాట ఆయన నోట నేను వినలేదు. “దిగింది” అనేవాడు. మగ్గం మీంచి గుడ్డ తాను దిగిందని. తను చేసిందేమీ లేనట్టు, అది తన ఇష్టంకొద్దీ దిగివచ్చినట్టు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన ఏడాది. జిల్లాలో నేసే గుడ్డల నమూనాలు సేకరించి పంపమని పై నుంచి తాకీదు వచ్చింది. దొరల దేశం, ఆ సీమలో ఏదో పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. శిరస్తదారుగారు ఆ పని నా నెత్తిన పెట్టారు. నాకు ఇరవై రెండేళ్లు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు, పొగరు నలభై ముక్కలకు సరిపడా ఉంది. నేను వీధిలో అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మగ్గం పన్ను ఎత్తేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మళ్లీ మగ్గాలు రాసుకోవడానికి వచ్చాననుకున్నారు. ఏ ఇంట్లో అడిగినా తాను లేదు పొమ్మన్నారు. ఆఖరికి ఈయన ఇల్లు.

గుంటలోంచి లేచి వచ్చి నా ఉత్తరీయం పట్టుకుని నలిపాడు. “కొత్త ఉద్యోగమాండి?” అన్నాడు. నీకెలా తెలుసన్నాను. “గంజి ఇంకా పోలేదు కదండీ” అన్నాడు.

దూలం మీద ఒక తాను మడిచి పెట్టి ఉంది. తీయించి చూశాను. గుడ్డల గురించి నాకేమీ తెలియదు, అయినా మడత మీద మడత విప్పుకుంటూ పోయాను. అంత సన్నటి, అంత నిండైన తెలుపు. చివరికి ఒక మూరెడు ఉందనగా అడ్డంగా ఒకే ఒక్క నీలి పోగు. అది తప్ప మచ్చ లేదు. ఇది ఇచ్చెయ్యమన్నాను.

“ఇది ఇచ్చేది కాదండి” అన్నాడు.

ఆ వీధి ఆనవాయితీ అప్పుడు చెప్పాడు. మగ్గం మీద పడుగు ఉండగా ఇంట్లో ఎవరైనా పోతే పడుగు కొయ్యరు. మగ్గాన్ని అలాగే ఆపేస్తారు. మైల రోజులు గడిచాక మళ్లీ గుంటలో దిగినవాడు మొట్టమొదట నీలిమందులో ముంచిన పోగు ఒకటి అడ్డంగా వేస్తాడు. మనిషి పోతే ఇక్కడ చెయ్యి ఆగిందని గుర్తు. దాన్ని ఆగిన పోగు అంటారు. ఆ మీదట మామూలుగా తెల్ల పోగుతో తాను పూర్తి చేస్తారు. ఆ తాను అమ్మరు, శుభకార్యాలకు కట్టరు, కత్తెర పెట్టరు. ఇంట్లో ఉంచుకుంటారు.

“మా ఇంటిది పోయినప్పటిదండి” అన్నాడు నీలి పోగు మీద వేలు పెట్టి. “ఈ నూలంతా అదే వడికింది. ఇదిగో, ఇక్కడిదాకా కండెలు కూడా అదే చుట్టింది. ఇక్కణ్నుంచి నేను చుట్టుకున్నానండి. తేడా తెలుస్తోందాండి?”

నాకు తెలియలేదు. “చూత్తే తెలీదండి, చెయ్యి ఎయ్యండి” అన్నాడు. వేసినా తెలియలేదు. తెలిసినట్టు తలాడించాను.

తర్వాత బతిమాలాను. సీమలో దీన్ని ఎవరూ కట్టరు, అద్దాల బీరువాలో పెట్టి చూస్తారు, మీ వీధి పేరు నిలుస్తుంది అన్నాను. ఉత్త చేతులతో కచేరీకి తిరిగి వెళ్తే శిరస్తదారుగారు ఏమంటారో అన్నదే నా బెంగంతా.

“కట్టరు కదండీ?”

“కట్టరయ్యా.”

“కొయ్యరు కదండీ?”

“ఎందుకు కోస్తారు?”

“రాణీగారు చూత్తారాండి?”

“చూడొచ్చు.”

చాలాసేపు ఆ తాను మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. పోయిన ఇల్లాలి చేతి పనిని రాణీగారు చూస్తారన్న మాట ఆయన్ని లోబరుచుకుంది. నాకది తెలుస్తూనే ఉంది. ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు. “ఈ పోగు ఏంటో రాసి పంపండి బాబుగారూ. తెలీక ఎవరైనా పెళ్లికి కడితే పాపం కదండీ.” రాస్తానని ఒట్టు పెట్టాను.

ప్రతి నమూనాకీ ఒక చీటీ రాసి కుట్టాలి. ఊరు, నూలు, కొలత రాశాను. విశేషాలు అన్నచోట ఆగిపోయాను. మైల అన్న మాటకు ఇంగ్లీషు నాకు రాదు. పడుగు కొయ్యకపోవడం, చెయ్యి ఆగడం, ఇదంతా రాయడం నా వల్ల కాలేదు. శిరస్తదారుగారిని అడిగితే నలుగురిలో నవ్వుతారు. అందుకని నాకు వచ్చిన ఇంగ్లీషులో, “అందం కోసం వేసిన నీలి గీత” అని రాశాను. నా దస్తూరీ ముచ్చటగా ఉందని నమూనాలు చూసిన దొర మెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పది పన్నెండేళ్లు గడిచాయి. ఈలోగా సీమ గుడ్డ కాలువల వెంట ఊళ్లన్నిటికీ వచ్చేసింది. అంతకు ముందూ వచ్చేది గానీ, రేవులో దాని మీద ఉన్న సుంకం కూడా ఎత్తేసిన కొత్తల్లో వచ్చినట్టు ఎన్నడూ రాలేదు. పడవలకు పడవలు. నేతవీధిలో మగ్గం గుంటలు మట్టిపోసి పూడ్చుకుని కాలువ పనికి తట్టలు పట్టుకు పోయినవాళ్లను నేనెరుగుదును. ఈయన మాత్రం గుంట పూడ్చలేదు. రోజూ దిగి కూర్చునేవాడు.

పాలకొల్లు సంతలో ఒక రోజు కచేరీ పని మీద వెళ్లిన నేను ఈయన్ని చూశాను. గుడ్డల దుకాణం ముందు నిలబడి ఒక సీమ తాను కొంగు నలుపుతున్నాడు. నలుపుతున్నాడు, సాగదీస్తున్నాడు, మళ్లీ నలుపుతున్నాడు. మొహం చిత్రంగా ఉంది. నన్ను చూసి నా ఉత్తరీయం పట్టుకుని, వదిలి, “బాబుగారూ, ఇందులో ఎవరూ లేరండి” అన్నాడు.

“ఏమిటయ్యా?”

“ఎంత తడిమినా మనిషి తగలట్లేదండి. ఆకలి లేదు, అలుపు లేదు. వాన లేదు. మొదలెలా ఉందో చివరా అలాగే ఉంది. ఎవరు నేశారండి ఇది?”

నేను యంత్రాల గురించి చెప్పబోతున్నాను. దుకాణదారు మాకు చూపిద్దామని తాను చివరిదాకా విప్పాడు. చివరికి ఒక మూరెడు ఉందనగా అడ్డంగా నీలి పోగు.

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.  ఆ తాను తిరిగి వచ్చిందనుకున్నాడు మొదట. “ఇది మాదండి” అన్నాడు దుకాణదారుతో. దుకాణదారు నవ్వి ఇంకో తాను విప్పాడు. అందులోనూ ఉంది. మూడోది విప్పాడు. నాలుగోది ఈయనే లాగి విప్పాడు. మూటంతా అదే. ప్రతి తానులోనూ మూరెడు చివర వదిలి ఒక నీలి పోగు.

 నా చెయ్యి పట్టుకున్నాడు. ఉత్తరీయం కాదు, చెయ్యి. అన్నేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే.

“ఏం రోగం వచ్చిందండీ ఆ దేశంలో?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“ప్రతి ఇంట్లోనూ పోయారు కదండీ. ఒక్క తాను వదల్లేదు, చూడండి. ఇంతమంది పోయారా బాబుగారూ? పిల్లలేనా? ఎవరండీ పోయింది?” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సంత మధ్యలో నిలబడి, తన వీధిని ఎండబెట్టిన ఆ దేశపు నేతవాళ్ల కోసం ఏడుస్తున్నాడు.

 అక్కడ ఎవరూ పోలేదయ్యా, అది యంత్రం వేసే గీత, మన నమూనా చూసి చేశారు, అని చెప్పాను. చెప్పిన కొద్దీ ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఆఖరికి, “ఎవరూ పోకుండానే ఏశారాండి?” అన్నాడు.

“అవును.”

“ఉత్తినే?”

“ఉత్తినే.”

మనుషులు చచ్చిపోయారనుకున్నప్పుడు ఆయన నిలబడగలిగాడు. ఎవరూ చావలేదని తెలిసి దుకాణం ముందే నేల మీద కూలబడిపోయాడు.

ఆ సమయంలోనే ఒక రైతు కుటుంబం పెళ్లిబట్టలకని వచ్చింది. పెళ్లికూతురు కూడా ఉంది, ముద్దొచ్చే పిల్ల. మధుపర్కాలకని ఆ తానే తీశారు. ఈయన దిగ్గున లేచి, “వద్దమ్మా, అది మైల గుడ్డ. మా ఆవిడ పోయినప్పటిది. పెళ్లికి కట్టకండి తల్లీ” అని చేతులు అడ్డం పెట్టాడు. వాళ్లు బెదిరిపోయారు. దుకాణదారు, “ముసలాడికి మతి లేదండి, సీమ నుంచి వచ్చిన సరుకు ఈయన పెళ్లాం గుడ్డ ఎలా అవుతుందండీ?” అన్నాడు. ఆ మాట న్యాయంగానే ఉంది కదా. కొనుక్కుని వెళ్లారు. అక్కడ నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం కాలువగట్టు వెంట ఇద్దరం నడిచి వస్తుంటే అడిగాడు. సముద్రాలు దాటొచ్చిన గుడ్డ, ఇక్కడ దిగిన గుడ్డ కంటే చవక ఎలా అవుతుందండీ అని. నాకు తెలిసింది చెప్పాను. పూర్వం మన గుడ్డలు పడవల మీద వెళ్లి సీమలో తెగ అమ్ముడుపోయేవి. అక్కడి నేతవాళ్లు గోల చేస్తే మన గుడ్డ అమ్మకూడదని, కట్టకూడదని కూడా చట్టాలు చేశారు. ఆ తర్వాతా పెద్ద పెద్ద సుంకాలు వేశారు. ఇప్పుడు వాళ్ల గుడ్డ ఇక్కడికి వస్తుంటే, మన రేవులో ఉన్న కాస్త సుంకమూ అన్యాయమని అక్కడి మిల్లులవాళ్లు గోల చేశారు. అదీ తీసేశారు.

ఆయన నడక ఆపాడు. “అంటే, మనం ఎల్తే గుమ్మంలో ఆపారు. ఆళ్లొత్తే మన తలుపు ఊడదీశారు. అంతేనాండి?”

“అంతే.”

“తీసింది మన కచేరీవాళ్లేనాండి?”

నేను కచేరీవాణ్ణి. అవునన్నాను. ఆయనకు నా మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది.

ఆ తర్వాత ప్రతి సంతకీ వెళ్లి ఆ దుకాణం ముందు నిలబడటం మొదలుపెట్టాడు. పెళ్లికని కొనేవాళ్లకు మాత్రమే చెప్పేవాడు. మామూలుగా కట్టుకోవడానికి కొనేవాళ్ల జోలికి పోయేవాడు కాదు. దుకాణదారు కచేరీలో ఫిర్యాదు చేశాడు. బుద్ధి చెప్పిరమ్మని శిరస్తదారుగారు నన్నే పంపారు. వెళ్లి, నీ వీధి అన్నానికి మాడుతుంటే నీకీ పోగు గొడవ ఏమిటయ్యా అని కసిరాను.

“గుడ్డ పంపుకోమనండి బాబుగారూ” అన్నాడు. “చవగ్గా ఉంది, జనం కడుతున్నారు, నేనేం చేత్తానండి. ఆ పోగు ఒక్కటీ తీసెయ్యమనండి. మా ఇంటిదాని చావు అమ్ముకోవద్దనండి. అర్జీ రాసిపెట్టండి.”

రాశాను. ఈసారి చేతనైనంతలో ఉన్నది ఉన్నట్టు రాశాను. అప్పటికి నా ఇంగ్లీషు బాగుపడింది. ఆయన నిశాని పెట్టాడు. ఆ సరుకు దింపే కంపెనీవాళ్ల మనిషి కాకినాడలో ఉంటే, అతని ద్వారా మిల్లుకు పంపాను. ఈయన నెలకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, నా ఉత్తరీయం నలిపి, “ఏమన్నా వచ్చిందాండి?” అనేవాడు.

ఏడాది తర్వాత వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది ఉత్తరం. మీ జిల్లా నుంచి పంపిన నమూనా ముక్కను ప్రదర్శన అయ్యాక మాకు ఇచ్చారు, దాని చీటీ మీద రాసినట్టు అందం కోసం వేసిన నీలి గీతనే మేము వేశాము, మీ ప్రాంతాల్లో జనం ఆ గీత చూసే మా సరుకు గుర్తుపట్టి కొంటున్నారు, కాబట్టి తీయడానికి వీలుపడదు. ఆఖరున ఇంకో వాక్యం ఉంది. ఇటువంటి ముచ్చటైన గుర్తులు మీ నేతవాళ్లలో ఇంకా ఏమైనా ఉంటే నమూనాలు పంపవలసిందిగా కోరుతున్నాము.

నా మాటే. నా దస్తూరీతో నేను రాసి కుట్టిన మాట, అన్ని సముద్రాలు తిరిగి నా బల్ల మీదికి వచ్చింది.  ప్యూను వచ్చి ఒంట్లో బాగాలేదాండీ అని అడిగాడు.

ఆయన వచ్చాడు. చదివి వినిపించాను. చెప్పక తప్పలేదు.

“ముక్క అన్నారాండి? కోశారా?”

“కోసినట్టున్నారు.”

“అందం కోసమని ఆళ్లకి ఎవరు చెప్పారండీ?”

“తెలీదయ్యా” అన్నాను.

అదే ఆ అబద్ధం. ఒక్క మాట. నేను రాశానని చెబితే ఆయన నన్ను కొట్టడు, తిట్టడు. మహా అయితే నా మొహం వైపు ఒకసారి చూస్తాడు. ఆ చూపుకు భయపడ్డాను.

“ఇంకా గుర్తులు ఉన్నాయేమో అడిగారాండి?”

“అడిగారు.”

“ఉన్నాయండి” అన్నాడు. “బిడ్డ పుడితే ఏసేది ఒకటుంది. మీక్కూడా చెప్పను.” లేచి వెళ్లిపోయాడు. గుమ్మందాకా వెంట వెళ్లాను. దాటేటప్పుడు నా ఉత్తరీయం ఆయన భుజానికి రాసుకుంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నాకు బదిలీ అయింది, రాజమండ్రి వచ్చేశాను. అదే ఆఖరు చూపు.

సరంగు కబురు చెప్పిన వారానికి, పదకొండో రోజు దాటాక, మోకాళ్ల నొప్పులతోనే పడవెక్కి వెళ్లాను. వీధిలో నాలుగు మగ్గాలు కూడా ఆడటం లేదు. ఆయన ఇంట్లో మగ్గం మీద సగం నేసిన తెల్లటి పడుగు ఉంది. కర్మ చేసిన మనవడు, కూతురి కొడుకు, నేనెవరో చెబితే పీట వేశాడు. పాతికేళ్లవాడు. ఇద్దరు పిల్లలు తండ్రి కాళ్ల చుట్టూ తిరుగుతున్నారు. తాత పోయేటప్పటికి పడుగు మగ్గం మీదే ఉందని, మైల తీరింది కాబట్టి ఆ రోజే మళ్లీ గుంటలో దిగుతున్నానని చెప్పాడు.

“ఆగిన పోగు వేస్తావుగా?” అన్నాను.

అతను తల వంచుకున్నాడు. “ఆ గీత మనం ఎయ్యకూడదంటండి. ఒకరి సరుకు గుర్తు ఇంకొకరు ఏత్తే నేరమని చట్టం వచ్చిందంట కదండీ. అది కంపెనీవాళ్ల గుర్తంట. దుకాణాలకి కాగితాలు పంచారండి. మొన్నామధ్య వీధి చివరాయన వాళ్లమ్మ పోతే ఏశాడు. దొంగ గుర్తు ఏశాడని తాను పట్టుకెళ్లిపోయారు. నెల్లాళ్లు కచేరీ చుట్టూ తిరిగాడండి.”

 ఆ చట్టం నేను ఎరుగుదును. ఉద్యోగంలో ఉండగా దాన్ని తెలుగు చేసి దండోరాకు ఇచ్చింది నేనే. సీమ సరుకు పేరు పెట్టి దొంగ సరుకు అమ్మేవాళ్ల కోసమని అనుకున్నాను.

“అది మీదిరా అబ్బాయీ” అన్నాను. “మీ అమ్మమ్మది.”

“తాత చెప్పేవాడండి. నాకు ఊహ తెలిసేటప్పటికే అది కంపెనీ గీత అండి.” లోపలికి వెళ్లి, నీలిమందు వేసిన పోగు కండె ఒకటి తెచ్చాడు. తాత చివరి రోజుల్లో తనే ముంచి ఆరబెట్టి పెట్టుకున్నాడట. దాన్ని అరచేతిలో పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. “తమరు కచేరీలో చేశారు కదండీ. చట్టం తెలిసినోరు. తమరే చెప్పండి. ఏసెయ్యమంటే ఏసేత్తాను. ఏమీ కాదంటారా?”

వాకిట్లో పిల్లలు ఆడుకుంటున్నారు. అతని తల్లి తలుపు పక్కన నిలబడి నా నోటికేసే చూస్తోంది. వెయ్యరా, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, ఆ చీటీ రాసింది నేనే, కచేరీకి నేను వస్తాను అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నాకు నా పింఛను గుర్తొచ్చింది. ఇతని పిల్లల మాట కూడా గుర్తొచ్చిందని రాయాలని ఉంది, కానీ మొదట గుర్తొచ్చింది పింఛనే.

“వద్దులే” అన్నాను.

అతను బుద్ధిగా తలూపాడు. నీలి కండె పక్కన పెట్టి, గుంటలో దిగి కూర్చుని, తెల్ల పోగే వేశాడు.